సిపాయి కొలత

బొగ్గుబాయి వర్క్‌షాపులో కార్పెంటర్ సంపత్‌కు డిసెంబర్ వచ్చిందంటే కాళ్లు నేల మీద ఆగయి. బాయిల ప్రమాదాలు కావద్దని జరిపే రక్షణ పక్షోత్సవాలు ఆ నెలలోనే. ఏ బాయోళ్లు ఆ బాయి నమూనాలు చేసి గోదావరిఖని గ్రౌండులో టెంట్ల కింద పెడతరు, పిల్లాజెల్లాతోటి జనం వచ్చి చూసిపోతరు. ఫస్టు ప్రైజు ఏ బాయికి వచ్చిందనేది చాయ్ హోటళ్లలో చాన రోజులు నడిచే ముచ్చట. సంపత్ చేతి నమూనాకు ప్రైజు రాని ఏడు తక్కువ. అందుకే ఆ రోజుల్లో ఆయన నడక వేరే ఉంటది, మీసం మీద చెయ్యి వేరే ఉంటది. "ఇగ మా ఆయన ఇంజనీరు సాబైండు, ఇంట్ల పప్పుంది ఉప్పు లేదని చెప్పేటందుకు కూడా టైమడగాలె" అని పెండ్లాం జమున వాడకట్టంతా వినేటట్టు నవ్వుతది.

ఈ ఏడు ఆయన మీసం ముట్టలేదు. గడిచిన ఏడు జరిగిన ప్రమాదాన్ని నమూనా కట్టి, ఇట్ల చెయ్యకూడదని జనానికి చూపెట్టుడు రివాజు. పోయిన శీతకాలం బాయిల కప్పు కూలి ఒక మనిషి పోయిండు. ఆ మనిషి జైపాల్, సంపత్‌కు సొంత చెల్లె మొగడు. నమూనా మీద పేరు రాయరనుకో. రాయకపోతే ఏంది, కాలనీలో తెల్వనోడెవడు?

సేఫ్టీ ఆఫీసర్ జశ్వంత్‌కు మాత్రం ఆ చుట్టరికం తెల్వదు. ఆయన ఈ బాయికి ఎండకాలం పోయినంక బదిలీ మీద వచ్చిండు. సంపత్ చెప్పలేదు. చెప్తే పని ఇంకొకరికి పోతది. బావకు చేసే పని ఇంకోడెందుకు చెయ్యాలె అని ఆయన పట్టుదల. అండ్ల ప్రైజు ఆశ పిసరంతన్న లేదా అంటే, లేదని ఒట్టు పెట్టలేడు.

ఎప్పుడూ తిప్పలు మనుషుల తోటే. బజారులో దొరికే ప్లాస్టిక్ సిపాయిల పొట్లం తెచ్చి, తుపాకులు కోసి, నెత్తికి పసుపు రంగేసి బాయి కార్మికులను చేసేటోళ్లు. ఒకడు బారెడు, ఒకడు బెత్తెడు, ఒకనికి మెడనే ఉండదు. ఈసారి జశ్వంత్ అన్నడు, "మా నాన్నగారి దగ్గర మంచి సిపాయిలున్నాయండీ. లోహంవి. అడిగి చూస్తాను."

ఆ నాన్నగారు నరసింహమూర్తి. కాకినాడ దిక్కు నుంచి వచ్చి, రామగుండం కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా చేసి, రిటైరై ఇక్కడనే ఉండిపోయిన పెద్దమనిషి. మంగళవారం పొద్దుగాల కొడుకు వెంబడి బిస్కెట్ డబ్బా ఒకటి పొట్టకు హత్తుకొని వర్క్‌షాపుకు వచ్చిండు. పొట్టు ఊడ్పించి, బల్ల తుడిపించి, దాని మీద తన తువ్వాల పరిచి, అప్పుడు డబ్బా మూత తీసిండు. ఒక్కో సిపాయిని దూదిలో చుట్టి తెచ్చిండు. విప్పుతుంటే సంపత్ నోరు తెరిచిండు. వేలెడంత మనిషి, నడుము పటక గుండీలు కూడా కనబడుతున్నయి. నిలబడ్డోడు ఒకడు, మోకాలి మీద కూసున్నోడు ఒకడు, బోర్ల పండుకొని తుపాకి పట్టినోడు ఒకడు, ముందటికి ఉరికి పొడిచెటోడు ఒకడు, చేతులు మీదికెత్తినోడు ఒకడు.

"కోయకూడదు, మేకు కొట్టకూడదు, జిగురు పెట్టకూడదు" అన్నడు పెద్దాయన. "నా ఉద్యోగమంతా వీటిని పోగు చెయ్యడంలోనే గడిచిందని మా ఆవిడ గోల పెడుతుంది."

"తుపాకులెట్ల సార్ మరి?"

"మీరే చెప్పండి."

"మైనం పెడ్త. తుపాకి మీద మైనం పట్టిస్తే సమ్మెట కావచ్చు, గడ్డపార కావచ్చు. టోపీకి కూడా మైనమే. పనైనంక గోరువెచ్చని నీళ్లల్ల ముంచితే ఊడి వస్తది."

పెద్దాయన మొఖం విప్పారింది. ఆయనకు సిపాయిలకు ఇండ్లు కట్టే పిచ్చి కూడా ఉన్నదట. కోటలు, ఠాణాలు, చెక్‌పోస్టులు కట్టి పారేసిండట. "ఇల్లు కట్టేటప్పుడు ఇంటిని చూడకండి, సిపాయిని చూడండి" అన్నడు, నిలబడ్డోన్ని చేతిలోకి తీసుకొని. "ఇతను మనిషి. మీ గుమ్మంలోంచి తల తగలకుండా లోపలికి వెళ్లాలి. కిటికీలోంచి బయటికి చూడగలగాలి. మెట్టు ఎక్కగలగాలి. మెట్టు గనక అతని నడుముదాకా వచ్చిందనుకోండి, ఎంత రంగులు వేసినా అది ఇల్లు కాదు, డబ్బా."

సంపత్‌కు ఆ మాట మనసున పట్టింది. సిపాయిలను అప్పజెప్పి వాళ్లు పోంగనే టేకు పుల్ల ఒకటి చీరి, సిపాయి పక్కన నిలబెట్టి అంత ఎత్తుకు కోసిండు. దాని మీద మోకాలు ఎక్కడ, నడుమెక్కడ, భుజమెక్కడ అని ఉలి మొన తోటి గీతలు పెట్టిండు. ఇగ టేపు అవుతల పారేసిండు. బాయిలకు దిగేటోళ్లు దీపాలు తీసుకునే ల్యాంప్ రూమ్ తలుపు పుల్లకంటే జర మీదికి. దీపాలిచ్చే కిటికీ భుజం గీత కాడికి. అరుగు మోకాలి గీతకు కింద. మనుషులు బాయిలకు దిగే మ్యాన్‌వే మెట్లు కోస్తే ఒక్కో మెట్టు మీద సిపాయి పాదం పట్టి కూసున్నది. చిన్న చిన్న పూసలు గుచ్చి దీపాల అర నింపిండు. రెండు రోజులు బువ్వ యాది లేదు.

భూమి కింద భాగానికి ముత్యం అవసరం పడ్డది. ముత్యం, జైపాల్ ఇద్దరూ సపోర్ట్‌మెన్, ఒకే జోడి. బొగ్గు తీసినంక కప్పు కూలకుండా కింద ఆధారాలు నిలబెట్టుడు వాళ్ల పని. ఆ రోజు కూడా జోడిగానే దిగిండ్రు. అప్పటి సంది ముత్యం సంధ్యారాణి ఇంటి దిక్కు రాలేదు. సంధ్యారాణి అంటే సంపత్ చెల్లె, జైపాల్ భార్య. పదకొండో రోజు కర్మకు కూడా రాలేదని కాలనీలో ఒకటే గుసగుస.

బుధవారం జశ్వంత్ పంపితే ముత్యం వచ్చిండు గానీ గడప దాటలేదు. తలుపు చెక్కను పట్టుకొనే, సపోర్టు ఇక్కడ, బొగ్గు తవ్వే మొఖం అక్కడ, బొగ్గు నింపే డబ్బా అవుతల అని వేలు చూపెట్టిండు. సంపత్ "చాయ్ తాగి పో" అంటే, "డ్యూటీకి టైమైంది అన్నా" అని జారుకున్నడు. ఆయన ఫస్టు షిఫ్టు దిగి ఇంటికి పోయేటోడు. అప్పుడు ఏ డ్యూటీ?

గురువారానికి భూగర్భం తయారైంది. పుల్ల కొలతకే కట్టిండు గనుక గ్యాలరీ, అంటే బొగ్గు తవ్విన సొరంగం, ఇరుకుగా, పొట్టిగా వచ్చింది. జశ్వంత్ తల ఇటు వంచి అటు వంచి చూసిండు.

"సంపత్ గారూ, జనం తాడు బయట నిలబడి చూస్తారు. ఈ గుహలో ఏం కనపడుతుంది? సపోర్టు ఎక్కడ అయిపోయింది, మనిషి ఎక్కడున్నాడు, ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలియాలి. కాస్త సాగదియ్యండి."

"కనబడాలె గదా సార్" అన్నడు సంపత్. నిజమే అనిపించింది. వెంటనే రంపం పట్టిండు. ఆఖరి సపోర్టు నుంచి బొగ్గు మొఖం దాకా మూరెడు సాగదీసిండు. కప్పు కూడా పైకి లేపిండు. బోర్ల పండుకున్న సిపాయిని తీసుకపోయి ఆ మూరెడు ఖాళీ అవుతల, బొగ్గు మొఖం కాడ పెట్టిండు. వాని పక్కకు బొగ్గు పెళ్లలు పేర్చిండు. ఎర్రబల్బు పెట్టిండు. జశ్వంత్ ఫోన్ తీసి ఫోటో కొట్టి మేనేజరుకు పంపిండు. మేనేజరు బొటనవేలు బొమ్మ పంపిండట. సంపత్ చెయ్యి, ఎందుకో ఏమో, అప్పుడు మీసం మీదికి పోయింది.

శుక్రవారం షిఫ్టు దిగి సంధ్యారాణి వచ్చింది. జైపాల్ పోయినంక ఆమెకు అదే బాయిలో, ల్యాంప్ రూములో కొలువిచ్చిండ్రు. దిగేటోనికి దీపమిచ్చుడు, ఎక్కి వచ్చినోని కాడ తీసుకొని చార్జింగుకు పెట్టుడు. అన్న చేస్తున్నది ఏందో ఆమెకు తెలుసు. చూడొద్దనే అనుకున్నది, ఆఖరుకు కాళ్లు ఆగలేదు.

"వామ్మో, నా కిటికీ!" అన్నది బల్ల కాడికి రాంగనే. "అరలు కూడా పెట్టినవానే? దీపాలు గూడ! అన్నా, ఈ కిటికీల నన్ను ఎందుకు పెట్టలే?"

"సిపాయిలల్ల ఆడోళ్లు లేరు చెల్లె."

"ఉండరు మరి. తుపాకి పట్టుకొని పండుకునే తీరిక మాకెక్కడిది?" అని నవ్వింది. ఆ నవ్వు వినక ఏడాదైంది. సంపత్‌కు కడుపు నిండినట్టైంది.

నవ్వుకుంటనే ఆమె చూపు కిందికి దిగింది. ఎర్రబల్బు. సపోర్టులు. బోర్ల పడ్డ మనిషి. ఆమె వేలు ఆఖరి సపోర్టు మీద పెట్టి, అక్కడి నుంచి ఆ ఖాళీ మీద నడిపించుకుంట పోయింది. చాలా సేపు పోయింది ఆ వేలు.

"ఇదేనా అన్నా?"

సంపత్ తల ఊపిండు.

"సపోర్టు గిక్కడ్నే అయిపోయింది గద. మరి గంత దూరం ఎందుకు వొయ్యిండు?"

"అది, చూసెటోళ్లకు కనబడాలెనని సారు..."

ఆమె వినలేదు. "పొయ్యి కాడ గ్యాసు బంద్ చేసిన్నో లేదో అని గడప దాటినంక గూడ ఎనుకకు వచ్చి చూసెటోడు. నేను గదే మనిషి అనుకుంటి. ఏడాది సంది ఆ కప్పును తిట్టిన, భూమిని తిట్టిన, దేవుని తిట్టిన. బాయిల గింత బేఫికర్‌గ తిరిగెటోడని నాకేం తెలుసు? గంత దూరం నడుస్తుంటే ఒక్క అడుగుకన్న నేను యాదికి రాలేదా? బిడ్డ యాదికి రాలేదా?"

"సంధ్యా, గట్ల కాదే..."

"ఏం గట్ల కాదు? నువ్వే కట్టినవ్ గద. నువ్వు తప్పు కడ్తవా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. తప్పు కట్టవు అని చెల్లె నమ్మినందుకే సంపత్‌కు ఎక్కువ బాధైంది.

శనివారం పొద్దున ల్యాంప్ రూమ్ కిటికీ కాడ లైను ఉన్నది. సంపత్ పక్కన నిలబడ్డడు. అరలో ఒక దీపం ఎప్పుడూ ఎవ్వరికీ ఇయ్యనిది ఉంటది, జైపాల్ నంబరుది. సంధ్యారాణి కొలువుల చేరిన్నాడు క్లర్కు కాళ్లా వేళ్లా పడి దాన్ని ఆపుకున్నది. రోజూ తుడుస్తది, చార్జింగు పెడతది, మళ్లా అరలో పెడతది. ఆ అర ఖాళీగ ఉన్నది.

"కొత్త పిలగాడు చేరిండు. ఇచ్చిన" అన్నది అన్న దిక్కు చూడకుంటనే. "దీపాలు తక్కువున్నయి గద."

"అడగకుండనే ఇచ్చినవా?"

"ఎవల్నడగాలె? పెండ్లాంబిడ్డలు యాదికి లేనోని దీపానికి నేను ఏడాది సంది కావలున్న. ఇగ చాలు." ఎనుక నిలబడ్డోనికి దీపం అందించి, "జరుగు అన్నా, డ్యూటీ టైము" అన్నది.

వర్క్‌షాపుకు వచ్చి సంపత్ తలుపు మూసుకున్నడు. టేకు పుల్ల తీసి గ్యాలరీలో పండుకోబెట్టిండు. ఆఖరి సపోర్టు కాడ మొదలుపెట్టి పుల్ల మీద పుల్ల వేసుకుంట పోతే, పడ్డ సిపాయి రానే రాడు. మనుషులను వరుస పెట్టి పండుకోబెడితే ఒక కుటుంబం కుటుంబమంత పడతది ఆ ఖాళీల. పైన ల్యాంప్ రూములో మనిషి మనిషి లెక్క ఉన్నడు. కింద అదే మనిషి మైదానంల తప్పిపోయిన పిలగాని లెక్క ఉన్నడు. గ్యాలరీ పెద్దగైంది గానీ సిపాయి పెద్దగ కాలేదు గద. థూ, ఇంత సోయి లేకుండా ఎట్ల కోసిన్నో అని తన చేతుల దిక్కే చూసుకున్నడు. బావను ఆ చేతులే అంత దూరం పంపినయి. ఆయనకు ఏడుపొచ్చింది, పొట్టు కుప్ప మీద కూసోని ఏడ్చిండు.

మాపటికి సైకిల్ స్టాండు కాడ ముత్యంను పట్టుకున్నడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి, "ఒక్కటే మాట చెప్పు. బావ ఎంత దూరం పొయ్యిండు?" అన్నడు.

ముత్యం అటూ ఇటూ చూసిండు. సైకిల్ స్టాండేసి, స్తంభానికి వీపు ఆనిచ్చి నిలబడ్డడు. "ఇది ఆఖరి సపోర్టు అనుకో." ఒక అడుగు ముందటికేసిండు. "గిదే."

"గింతేనా?"

"గింతే. కొత్త సపోర్టు పెట్టాలంటే సపోర్టు లేని కాడికి ఒకడుగు పోకుంట ఎవడు పెడతడు సంపతన్నా? తాత్కాలికానికి ఒకటి నిలబెట్టుకోని పోవాలె, అది రూలే. అదే నిలబెట్టబోయిండు. గంతట్లనే..." సైకిల్ తీసుకొని మళ్లిండు. "నన్ను ఇంకేం అడగకు" అన్నడు, పోయిండు.

ఆదివారం ప్లేడే. బాయి బందు. సిపాయిలు ఎట్లున్నయో చూసుకుందామని నరసింహమూర్తి కొడుకు తోటి వచ్చిండు. సంపత్ అప్పటికే వర్క్‌షాపులో ఉన్నడు. రంపం చేతిలో ఉన్నది గానీ కొయ్యలేదు. ఆఫీసరు చెప్పిన పని, మేనేజరు ఒప్పుకున్న ఫోటో. అడగకుంట కోస్తే నౌకరీకి ఏం ముప్పో అని భయం.

పెద్దాయన ల్యాంప్ రూము చూసి మురిసిపోయిండు. తలుపులోంచి సిపాయిని లోపలికి బయటికి తిప్పిండు. తర్వాత వంగి గ్యాలరీలోకి చూసి మొఖం చిట్లించిండు.

"ఇదేంటయ్యా? పైన మనుషులు, కింద చీమలు."

"విజిబిలిటీ కోసం నాన్నా. నేనే చెయ్యమన్నాను" అన్నడు జశ్వంత్.

ఆ సందు దొరకంగనే సంపత్ అన్నడు, "సార్, ఆ పోయినాయన మా బావ."

జశ్వంత్ గిరుక్కున తిరిగిండు.

"ఆయన ఒక్క అడుగే పొయ్యిండు సార్. రిపోర్టుల రాసింది నేను కాదంటలేను. సపోర్టు దాటిండు. ఒక్క అడుగు దాటిండు. మనం ఇక్కడ ఊరి బయటి దాకా నడిపిచ్చినం. మా చెల్లె ఇది చూసి, ఆయన మమ్మల్ని మర్చిపోయే గంత దూరం పొయ్యిండు అనుకుంటాంది. ప్రైజు రాకుంటే మానె. నన్ను దీన్ని కొయ్యనియ్యుండ్రి."

జశ్వంత్ స్టూలు మీద కూసున్నడు. "మీ బావగారని ఒక్కరూ చెప్పలేదు నాకు. మీరైనా చెప్పాల్సింది."

"చెప్తే పని ఇయ్యకపోదురు."

"ఇవ్వకపోదును. నిజమే." నమూనా దిక్కు వేలు చూపెట్టిండు. "రేపు పొద్దున ఓపెనింగ్. మళ్లీ ఇరుకు చేస్తే తాడు బయటికి ఏం కనపడదు. టేబుల్ మీద సగం పని ఉందంటే నా మెడకే చుట్టుకుంటుంది సంపత్ గారూ."

"తాడు తీసెయ్యరాదా?" అన్నడు పెద్దాయన. "ఒక్కొక్కరూ దగ్గరికొచ్చి వంగి చూస్తారు. గనిలోకి వంగే వెళ్తారు కదా మీరంతా."

జశ్వంత్ లేచి చొక్కా చేతులు మడిచిండు. "రెండో రంపం ఉందా?" అన్నడు.

ముగ్గురూ పట్టిండ్రు. సాగదీసిన మూరెడు కోసేసిండ్రు. కప్పును పుల్ల కొలతకు దించిండ్రు. జశ్వంత్ కోసిన కోత వంకర పోతే సంపత్ మళ్లా నున్నగ చేసిండు. బోర్ల పండుకున్న సిపాయిని పెడితే ఇప్పుడు వాని పాదాలు సపోర్టు కిందికే వస్తున్నయి. సంపత్ వాన్ని చేతిలో పట్టుకొని నిలబడిపోయిండు.

"పడకముందు నిలబడే ఉన్నాడుగా" అన్నడు పెద్దాయన మెల్లగ, చేతులు పైకెత్తిన సిపాయిని అందిస్తూ. జశ్వంత్ వద్దనలేదు. సంపత్ ఆ చేతులకు మైనం తోటి ఒక సపోర్టు కర్ర పట్టించి, ఒక్క అడుగు ముందటికి నిలబెట్టిండు. పొడిచే సిపాయి ఒకడు ముత్యం కావాలె. ముత్యం ఎక్కడ నిలబడ్డడో చెప్పలేదు గనుక వాన్ని ఎనుక బొగ్గు డబ్బా పక్కన పెట్టిండు.

సోమవారం గ్రౌండు నిండ జనం. మైకులో పాటలు, ప్రతిజ్ఞలు. జశ్వంత్ జనానికి చూపెట్టేటందుకు ఒక పుల్ల పట్టుకొని బల్ల పక్కన నిలబడ్డడు. చెప్పుకొచ్చేటందుకు ముత్యంకు డ్యూటీ వేసిండ్రు, తప్పించుకునే తావు లేదు. కొత్త హెల్మెట్ పెట్టుకొని, ఎండ లేకున్నా చెమటలు కక్కుకుంట నిలబడ్డడు. తాడు తీసేసిండ్రు గనుక జనం ఒక్కొక్కరే వచ్చి నడుము వంచి చూసి పోతున్నరు.

సంధ్యారాణి రానన్నది. సంపత్ ల్యాంప్ రూము కాడికి పోయి, "ఒక్కసారి చూడు. నీ కాళ్లు మొక్కుత" అంటే, అన్న నోట ఆ మాట విని బెదిరి, పక్కామెకు కిటికీ అప్పజెప్పి వచ్చింది. ఆమెను చూడంగనే ముత్యం బల్లకు అవుతల దిక్కు జరిగిండు.

ఆమె వంగి చూసింది. ఆఖరి సపోర్టు మీద వేలు పెట్టింది. నడిపించడానికి వేలుకు జాగనే లేదు, పక్కనే మనిషి ఉన్నడు. చేతులు మీదికెత్తి కర్ర నిలబెడుతున్నడు.

"గింతేనా అన్నా?"

"గింతే. మొన్న కట్టింది తప్పు. నేనే తప్పు కట్టిన చెల్లె."

ఆమె ఇంకా వంగే ఉన్నది. సంపత్ మనసు కొంచెం తేలికైంది. ఇగ బావ మీద కోపం పోతది, అంతా సర్దుకుంటది అనుకున్నడు. కానీ ఆమె లేచి సంపత్‌ను చూడలేదు. బల్ల అవుతలున్న ముత్యంను చూసింది.

"ముత్యం, నువ్వెక్కడున్నవ్?"

ముత్యం హెల్మెట్ పట్టీ సవరించుకున్నడు. "వదినె..."

"డబ్బా కాడ ఉన్నవా? గింత ఇరుకుల, గింత దగ్గర. చెయ్యి చాపితే అందెటట్టున్నది గదా. జర గుంజరాకపోయెనా?"

ఒకన్ని దగ్గరికి తెచ్చి ఇంకొకన్ని బోనులో నిలబెట్టిన్నా అని సంపత్‌కు భయమైంది. జశ్వంత్ పుల్ల కిందికి దించిండు.

ముత్యం హెల్మెట్ తీసి చంకల పెట్టుకున్నడు. "డబ్బా కాడ లేను వదినె. ఆయన ఎనుకనే ఉన్న. కప్పు చిటపటమన్నది. అన్నా అని మొత్తుకొని చెయ్యి చాపిన. అందింది. అంగీ అందింది, వీపు మీద. గట్టిగనే పట్టి గుంజిన." తన కుడిచెయ్యి పిడికిలి బిగించి చూసుకున్నడు. "అంగీ ముక్క నా చేతులకొచ్చింది. ఆయన రాలే."

"మరి ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? చేతికందినోన్ని తీసుకరాలేదని నీ ఇంటికొచ్చి చెప్పాల్నా?"

ఆమె బల్ల అంచు పట్టుకున్నది. "ఏ అంగీ?"

"నీలిగీతలది."

"అది పాతది" అన్నది ఆమె. "వీపంత పలుచబడ్డది. ఆయన పారెయ్యబోతే, డ్యూటీకి చాలుతది తియ్యి అని నేనే ఏసుకపొమ్మన్న. మంచియి బొగ్గుల ఎందుకు ఖరాబు చేసుకోవాలె, అందరం గట్లనే పంపుతం గద. గట్టి అంగీ అయితే వచ్చునా ముత్యం? వచ్చుండెనా?"

"లేదు వదినె. నీ పాదాల మీద ఒట్టు. ఆడ పడ్డది బండ కాదు, కప్పుకు కప్పే పడ్డది. కొత్తదైతే నేను గూడ ఆయన ఎంబడే పోదును."

అప్పుడు ఏడ్చింది సంధ్యారాణి. జైపాల్ చచ్చిపోయిన్నాడు గూడ అట్ల ఏడ్వలేదు, అప్పుడు కట్టెలెక్క కూసున్నది. గ్రౌండులో అందరి ముందట, నేల మీద కూలబడి, నెత్తి కొట్టుకొని ఏడ్చింది. ముత్యం ఇటు దిక్కు వచ్చి దూరంగ కింద కూసున్నడు. మైకులో ఎవరో పాట బంద్ చేసిండ్రు. సంపత్ చెల్లె నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

బాగా సేపటికి ఆమె మొఖం తుడుచుకొని లేచింది. "అన్నా, ముత్యంను ఆడికెందుకు పెట్టినవ్? దగ్గరికి తే" అన్నది.

సంపత్ జశ్వంత్ దిక్కు చూసిండు. జశ్వంత్ బల్బు వైరు అడ్డం రాకుంట పక్కకు పట్టుకున్నడు. సంపత్ పొడిచే సిపాయిని డబ్బా పక్క నుంచి తీసిండు. చేతులు ముందటికి చాపి ఉరికే మనిషి. తుపాకి మీది మైనం గోటితోటి గీకి, వేళ్ల మధ్య వెచ్చ చేసి, పిడికిలి లెక్క అద్దిండు. ముందటాయన వీపుకు ఆనిచ్చి పెట్టిండు. సరిగ్గ అందింది, పుల్ల కూడా అవసరం పడలేదు.

జనం మళ్లా రావడం మొదలైంది. పక్క కాలనీ నుంచి వచ్చిన ముసలామె ఒకామె నడుము పట్టుకొని వంగి, బాగా చూసి, "ఈయన గాయన అంగీ ఎందుకు పట్టుకున్నడు బిడ్డా?" అని అడిగింది. ఏం జరిగింది, ఏ రూలు తప్పిండు అని చెప్పేటందుకు జశ్వంత్ పుల్ల ఎత్తిండు గానీ, ఆయన నోరు తెరవకముందే సంధ్యారాణి ముందటికి వచ్చింది.

"ముందటున్నాయన మా ఆయన అవ్వా" అన్నది. "ఎనుకాయన ముత్యం. ఇగో, ఈయననే. పట్టుకున్నడు. అంగీ ఆగలే."